పాత ఖాతాదారు – కొత్త వెల

బియ్యము కొన్నవాడు వండుకొని తినును. కుర్చీ కొన్నవాడు అది విఱుగునంతవఱకు దానిమీద కూర్చుండును. వెల చెల్లించుటతో అమ్మినవానికిని కొన్నవానికిని గల సంబంధము తీరిపోవును. కంప్యూటరులో వాడు సాఫ్ట్‌వేరు సంగతి అట్లు కాదు. వెల ఇచ్చి ఇంటికి తెచ్చుకొన్న నాడే అక్కడ సంబంధము మొదలగును. సాఫ్ట్‌వేరు అరిగిపోదు, తుప్పుపట్టదు. అయినను రెండు మూడేండ్లలో పాతబడును. దానిని చేసిన కంపెనీ కొత్త కూర్పును వెలువరించును. అప్పుడు పాత కూర్పు కొన్నవాడు ఎంత చెల్లింపవలెను? ఆ లెక్క మాఱినపుడు అతనికి ఎవరు, ఎప్పుడు, ఏ విధముగా చెప్పవలెను? ఈ ప్రశ్నలు పైకి చిన్నవిగా కనబడును. కాని ఫోటో స్టూడియో నడుపుకొనువాడు, డి.టి.పి. కేంద్రము పెట్టుకొన్నవాడు, దుకాణపు లెక్కలు వ్రాయు గుమాస్తా, వీరి బ్రతుకుతెరువు ఈ లెక్కలతో ముడిపడియున్నది. రెండు ప్రశ్నలలో మొదటిదానిని గూర్చియే ఎక్కువ వాదములు జరుగుచుండును. రెండవదియే ఎక్కువ బాధ కలిగించునని మా అభిప్రాయము.

పూర్వము సాఫ్ట్‌వేరు అట్టపెట్టెలలో వచ్చుచుండెను. పెట్టెలో డిస్కులును, ఒక లావుపాటి పుస్తకమును, వానితోబాటు ఒక తపాలా కార్డును ఉండెడివి. కొన్నవాడు ఆ కార్డుమీద తన పేరు, చిరునామా, పెట్టెమీద అచ్చువేసిన వరుస సంఖ్య వ్రాసి కంపెనీకి పంపవలెను. అంతట అతడు రిజిస్టరయిన ఖాతాదారు అగును. ఇప్పుడు కార్డుకు బదులు ఈమెయిలు చిరునామా వచ్చినది. పని మాత్రము అదియే. దీనివలన కంపెనీకి కలుగు లాభము స్పష్టము. తన సరకు ఎవరి చేతిలో నున్నదో తెలియును. దొంగ ప్రతులను కనిపెట్టవచ్చును. కొత్త సరకు వచ్చిననాడు ఎవరిని అడుగవలెనో జాబితా సిద్ధముగా నుండును. కొన్నవానికి ప్రతిఫలముగా దక్కునవి రెండు. లోపములు సవరించినపుడు ఆ సవరణ అందును. కొత్త కూర్పు తక్కువ వెలకు దొరకును. ఈ తక్కువ వెలనే అప్‌గ్రేడు వెల అందురు.

రేడియో ఉన్న ఇండ్లలోని పెద్దలకు దీనికి సరిపోలినది ఒకటి వెంటనే తోచును. 1980ల నాటివఱకు మన దేశములో రేడియో కలిగిన గృహస్థుడు తపాలా కార్యాలయమునకు పోయి, లైసెన్సు రుసుము చెల్లించి, పుస్తకములో ముద్ర వేయించుకొని రావలసియుండెను. రుసుము ఎంతయో, ఏ తేదీ లోపల కట్టవలెనో తపాలా గుమాస్తాను అడిగినచో చెప్పును. ఆ రుసుమును సంతోషముతో కట్టినవారిని మేము ఎక్కువమందిని ఎఱుగము. ఐనను ఎంత కట్టవలెనో తెలియలేదని వగచినవారు అంతకంటెను తక్కువ.

సాఫ్ట్‌వేరునకు వెల కట్టుట విచిత్రమైన పని. మొదటి ప్రతి తయారగుటకు వందలకొలది ఇంజనీర్లు ఏండ్ల తరబడి శ్రమింపవలెను. రెండవ ప్రతికి అగు ఖర్చు ఇంచుమించు సున్న. కావున వెలకును ప్రతి ఖర్చుకును పొత్తు కుదురదు. కొనువాడు ఎంత ఇయ్యగలడు, ఎంత ఇయ్య నిచ్చగించును అను దానినిబట్టియే వెల ఏర్పడును. కొత్తగా వచ్చినవాని చేతిలో ఏ సాధనమును లేదు కనుక పూర్తి వెల ఇచ్చును. పాతవాని చేతిలో నిన్నటి కూర్పు ఉన్నది. అది నేడును పనిచేయుచున్నది. కొత్తది కొననంత మాత్రమున అతని పని నిలిచిపోదు. కంపెనీకి నిజమైన పోటీదారు ఎదుటి వీధిలోని మఱొక కంపెనీ కాదు. తాను మూడేండ్ల క్రిందట అమ్మిన తన సరకే.

ఈ చిక్కును ఆర్థికశాస్త్రజ్ఞులు సాఫ్ట్‌వేరు వ్యాపారము పెరుగక పూర్వమే గుర్తించిరి. తరువాత 1991లో నోబెల్ బహుమానము పొందిన రోనాల్డ్ కోస్ 1972లో ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. అరిగిపోని వస్తువును అమ్మువాడు ఆ వస్తువునకు తానొక్కడే వర్తకుడైనను తన యిష్టము వచ్చిన వెల నిలుపుకొనలేడని అందులో ఆయన వాదించెను. నేడు కొననివానికి రేపు తక్కువకు అమ్మవలసి వచ్చునని కొనువారందఱికిని తెలియును గదా. దీనినుండి తప్పించుకొనుటకు ఆయన చూపిన దారులలో ఒకటి అమ్ముట మాని అద్దెకిచ్చుట. నలుబది ఏండ్లకు సాఫ్ట్‌వేరు కంపెనీలు పట్టిన దారి సరిగా అదియే. ఆ కథలో అడోబీ కంపెనీ వ్యవహారము అన్నిటికంటె విపులముగా లోకమునకు తెలిసినది కనుక దానినే కొంత వివరింతుము.

అడోబీ వారి ఫోటోషాపు లేని ఛాయాచిత్ర వ్యాపారము లేదనవచ్చును. పెండ్లి ఆల్బములు మొదలు సినిమా గోడపత్రికల వఱకు అన్నిటికిని అదియే ఆధారము. 2012లో వచ్చిన సీఎస్ 6 అను కూర్పునకు అమెరికాలో పూర్తి వెల 699 డాలర్లు. పాత కూర్పు గలవానికి అప్‌గ్రేడు వెల 199 డాలర్లు. ఇంచుమించు పదింట మూడు వంతులన్నమాట. అంతకుముందు అనేక సంవత్సరములు ఒక ఉదారమైన నియమము నడిచెను: మూడు కూర్పుల వెనుక నున్నవానికి కూడ ఈ తక్కువ వెలయే వర్తించును. కూర్పులు ఏడాదిన్నరకో, రెండేండ్లకో ఒకటి చొప్పున వెలువడుచుండెను. సీఎస్ 3 2007లో, సీఎస్ 4 2008లో, సీఎస్ 5 2010లో వచ్చెను.

తెలివిగల స్టూడియో యజమాని ఏమి చేయుచుండెను? ప్రతి కూర్పును కొనక ఒకటి విడిచి ఒకటి కొనుచుండెను. 2007లో ఒకటి కొని, 2008 నాటిదానిని పోనిచ్చి, 2010లో 199 డాలర్లు ఇచ్చి ముందునకు వచ్చుచుండెను. కొంచెము ఓపిక పట్టువాడు రెండు కూర్పులను విడిచి మూడవదానికి పోవుచుండెను. ఇందులో మోసము ఏమియు లేదు. కంపెనీ తానే వ్రాసిన నియమమును వారు పాటించిరి. ఈ విధముగా ఐదేండ్ల ఖర్చును ముందుగానే లెక్క వేసికొని, దానినిబట్టి తన పని వెలలను నిర్ణయించుకొని, పిల్లల చదువునకు ఇంత, యంత్రములకు ఇంత అని వేఱుచేసి పెట్టుకొనుట అతనికి సాధ్యమయ్యెను. అప్‌గ్రేడు వెల అనగా ఒక తగ్గింపు అని మాత్రమే చూచువారు ఈ సంగతి మఱతురు. చిన్న వ్యాపారికి అది ముందుచూపునకు ఆధారము.

2011 నవంబరులో అడోబీ ఆ నియమమును మార్చెను. రాబోవు సీఎస్ 6 నకు తక్కువ వెల పొందవలెనన్నచో చేతిలో సీఎస్ 5 గాని 5.5 గాని ఉండవలెను. సీఎస్ 3, సీఎస్ 4 కలవారు పూర్తి వెల ఇచ్చుకొనవలెను. అట్టివారు ఆ సంవత్సరము డిసెంబరు 31 లోపల సీఎస్ 5.5 కొనినచో నూటికి ఇరువది చొప్పున తగ్గింపు ఇత్తుమని దానికి తోకగా చేర్చిరి. మార్పును తెలిపినది కంపెనీ తన వెబ్ పుటలో వ్రాసిన ఒక ప్రకటన. రిజిస్టరు చేసికొన్నవారి పేర్లు, చిరునామాలు సంవత్సరములుగా కంపెనీ వద్దనే ఉన్నవి. అయినను పుట తెఱచి చదివినవారికో, చదివినవారు చెప్పగా విన్నవారికో తప్ప తక్కినవారికి వార్త తెలియు దారి ఏది? ఊరందఱికి తెలిసిన తరువాత ఇంటివారికి తెలిసినట్లు ఐనది. తెలిసినవారికైనను మిగిలిన గడువు ఒకటిన్నర మాసము మాత్రమే. అదియు పండుగల నడుమ.

దానిలోని లెక్కను చూడుడు. 2008లో సీఎస్ 4 కొన్నవాడు డిసెంబరులో 5.5 నకు అప్‌గ్రేడు వెల చెల్లింపవలెను. తరువాత కొన్ని నెలలకే సీఎస్ 6 వచ్చినపుడు మరల అప్‌గ్రేడు వెల చెల్లింపవలెను. నడుమనున్న మెట్టు అతనికి అక్కఱలేదు. పై మెట్టు ఎక్కుటకే దానిమీద కాలు మోపవలెను. ఫోటోషాపు వాడువారి సంఘమునకు అప్పుడు అధ్యక్షుడుగా నున్న స్కాట్ కెల్బీ బహిరంగ లేఖ వ్రాసెను. ఆయన అడోబీకి పగవాడు కాడు; ఫోటోషాపు నేర్పు పుస్తకములు వ్రాసి పేరు గడించినవాడు. నియమము మార్చు హక్కు కంపెనీకి కలదు, కాని చాలినంత ముందుగా చెప్పి తరువాతి కూర్పునుండి అమలుపెట్టవలెనని ఆయన కోరిన కోరిక సారాంశము.

2012 జనవరిలో కంపెనీ కొంత వెనుకకు తగ్గెను. సీఎస్ 3, సీఎస్ 4 గలవారు కూడ ఆ సంవత్సరము డిసెంబరు 31 వఱకు సీఎస్ 6 ను అప్‌గ్రేడు వెలకే పొందవచ్చునని ప్రకటించెను. అందఱును సంతోషించిరి. ఇక్కడ ఆగి ఒక్క సంగతి తలపోయవలెను. నవంబరులో చెప్పిన మాట నమ్మి, గడువు దాటునేమో అని భయపడి, డిసెంబరులో డబ్బు కట్టినవాడు ఏమైనట్లు? కంపెనీ మాట విన్నవాడు నష్టపోయెను; విని ఊరకున్నవాడు, అసలు విననేవినని వాడు లాభపడిరి. ఇట్టి అనుభవము తరువాత ఆ కంపెనీ పెట్టు గడువును ఎవడు గౌరవించును? సమాచారము ఆలస్యముగా వచ్చుట ఒక దోషము. వచ్చిన సమాచారము రెండు నెలలకు చెల్లకపోవుట దానికంటె పెద్ద దోషము. ఈ రెండవదానిని లెక్కల పుస్తకములలో ఎక్కించు గడి లేదు.

ఇంతలో అసలు మార్పు దగ్గఱకు వచ్చెను. 2013 మే 6వ తేదీన లాస్ ఏంజెలెసులో జరిగిన తమ వార్షిక సభలో ఇక సీఎస్ 7 లేదని అడోబీ చెప్పెను. ఇకమీదట అమ్మకము లేదు, చందా మాత్రమే. సాధనము లన్నియు కలిపి, ఏడాదికి ఒప్పుకొన్నచో, నెలకు 49.99 డాలర్లు, సీఎస్ 3 గాని ఆ తరువాతి కూర్పు గాని గల పాత ఖాతాదారులకు మొదటి సంవత్సరము 29.99. పాతతనమునకు దక్కిన గౌరవము పండ్రెండు మాసములతో సరి. మార్చవలదని ముప్పదివేలకు మించినవారు ఒక విజ్ఞప్తిమీద సంతకములు చేసిరి. కంపెనీ ఈసారి వెనుదిరుగలేదు. ఐనను ఆ సెప్టెంబరులో ఫోటోషాపును, లైట్‌రూమును కలిపి నెలకు 9.99 డాలర్లకు ఇచ్చు ఏర్పాటు చేసెను. అదియు మొదట పాత కూర్పులు గలవారికే. ఎవరెవరివద్ద ఏయే పాత కూర్పులున్నవో కంపెనీకి తెలియుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

చందా పద్ధతియే అన్యాయమని మేము అనము. అడోబీ సాధనములన్నియు కొనవలసినవానికి పూర్వము 2,599 డాలర్లు ఒక్కసారిగా కావలసియుండెను. చందాలో ఏడాదికి 600 చాలును. కొత్తగా పని మొదలుపెట్టు యువకునికి ఇది వరమే. ఒక్క సాధనముతో పని జరుపుకొని, కూర్పులు విడిచి విడిచి కొనుచుండిన పాతవానికే దెబ్బ తగిలినది. ఏడాదిన్నరకో, మూడేండ్లకో 199 ఇచ్చుచుండినవాడు నెలకు 19.99 చొప్పున ఏడాదికి 240 డాలర్లు చెల్లింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి. పూర్వము డబ్బు లేని యేడు పాత కూర్పుతో కాలక్షేపము చేయవచ్చును. చందా ఆగినచో సాధనమే ఆగును. తాను చేసిన బొమ్మలు తన డిస్కులోనే ఉండును గాని, అవి తెఱచు తాళపుచెవి మఱొకరి చేతిలో నుండును.

వెల ఎక్కువైనపుడే జనము కోపింతురనుకొనుట పొరపాటు. 2011 జూనులో ఆపిల్ కంపెనీ చలనచిత్ర సంకలనమునకు ఉపయోగించు ఫైనల్ కట్ ప్రో అను సాధనమును కొత్తగా తీర్చి విడుదల చేసెను. అంతకు ముందున్న ఫైనల్ కట్ స్టూడియో వెల 999 డాలర్లు, కొత్తది 299.99. మూడింట ఒక వంతునకు దిగినది. ఐనను సంకలనకర్తలు మండిపడిరి. ఏలయనగా పాతదానిలో ప్రారంభించిన పనులను కొత్తది తెఱవలేదు. పాతదాని అమ్మకమునో కంపెనీ వెంటనే ఆపివేసెను. సగము సినిమా కూర్చి పెట్టుకొన్నవాడు, మఱొక నలుగురికి పాత సాధనము కొనవలసినవాడు ఏమి చేయవలెనో ఆ దినము చెప్పినవారు లేరు. తరువాత కొంతకాలమునకు పాతదానిని అడిగినవారికి మరల అమ్మవలసివచ్చెను.

ఆపిల్ పేరు వచ్చినది కనుక మఱొక మాట. 2008 జూలైలో వారు తెఱచిన యాప్ స్టోరు సాఫ్ట్‌వేరు అమ్మకపు పద్ధతినే మార్చివేసెను. ఆ దుకాణములో అప్‌గ్రేడు వెల అనునదే లేదు: మొదట కొన్నవాడు తరువాతి కూర్పులను ఉచితముగా పొందవలెను, లేదా అంతయు కొత్త సరకుగా మరల పూర్తి వెలకు కొనవలెను. అంతకంటె విచిత్రమేమనగా, తన సరకు కొన్నవారి పేర్లు చేసినవానికి తెలియవు. ఆ జాబితా దుకాణము వద్దనే ఉండును. ఉత్తరము వ్రాయుదమన్నను చిరునామా లేదు. కావున మార్పు వచ్చినపుడు కొన్నవారికి తెలియుట ఒక ఉదయము యాప్ తెఱచినపుడే. చేతివ్రాతతో నోట్సు వ్రాసికొనుటకు విద్యార్థులు వాడు నోటబిలిటీ అను యాప్ 2021 నవంబరు మొదట చందా పద్ధతికి మాఱెను. ఒక్కమాఱు వెల చెల్లించి కొన్నవారికి ఏడాది గడువు మాత్రమే ఇచ్చుటకు నిర్ణయించెను. గగ్గోలు పుట్టగా ఒకటి రెండు దినములలోనే ఆ నిర్ణయమును మార్చుకొని, పాతవారు కొన్న వసతులు పాతవారికే ఉండునని చెప్పెను. ముందుగా అడిగియున్నచో ఈ మాట ముందే చెప్పియుండవచ్చును.

తప్పు దిద్దుకొన్న తీరులో మాకు నచ్చినది ప్రాగ్ నగరములోని జెట్‌బ్రెయిన్స్ వారిది. వారు ప్రోగ్రాములు వ్రాయువారికి కావలసిన సాధనములు చేయుదురు. 2015 సెప్టెంబరు ఆరంభమున చందా పద్ధతికి పోవుదుమని చెప్పిరి. చందా ఆపినచో సాధనము ఆగునన్న మాటకు ఖాతాదారులు అడ్డుచెప్పిరి. కంపెనీ వారి మాటలు విని, రెండు వారములకు సవరించిన ప్రణాళికతో వచ్చెను. పండ్రెండు నెలల చందా కట్టినవానికి, ఆ చందా ప్రారంభమైననాటి కూర్పు శాశ్వతముగా సొంతమగును. తరువాత చందా మానుకొన్నను దానిని వాడుకొనవచ్చును. అద్దెకును సొంతమునకును నడుమ ఇట్టి మార్గ మొకటి ఉన్నదని చూపుటయే గొప్ప. అది అమలులోనికి వచ్చినది నవంబరులో. అనగా సవరణకును అమలునకును నడుమ ఖాతాదారు ఊపిరి పీల్చుకొనుటకు వ్యవధి ఉండెను.

మన తెలుగు ముద్రణాలయములకు ఈ అనుభవము మఱొక రూపమున కలిగినది. ఆల్డస్ కంపెనీ 1985లో చేసిన పేజిమేకరు 1994లో అడోబీ చేతికి వచ్చెను. దాని చివరి పెద్ద కూర్పు 7.0, 2001 నాటిది. అటు తరువాత కంపెనీ దానిని వదలి ఇన్‌డిజైను వైపునకు అందఱిని రమ్మనెను. తెలుగునాట శుభలేఖలు, కరపత్రములు, పుస్తకములు కూర్చు డి.టి.పి. కేంద్రములు మాత్రము ఏండ్ల తరబడి ఆ పేజిమేకరునే అను ఫాంట్లతో పట్టుకొనియుండెను. ఇది చాదస్తమనుకొనరాదు. ఆ ఫాంట్లు ఆంగ్లాక్షరముల గళ్ళలో తెలుగు ముక్కలను పెట్టి నడిపినవి. ఇరువదియేండ్లు కూర్చిపెట్టిన వ్రాతప్రతులు యూనికోడులోనికి మార్చినగాని కొత్త సాధనములలో సరిగా పనికి రావు. మార్చినను ఒత్తులు, గుణింతములు ఒకసారి దిద్దుకొనవలెను. ఇన్‌డిజైనులో తెలుగునకు ఏర్పాటు వచ్చుటకు 2012 నాటి సీఎస్ 6 వఱకు వేచియుండవలసివచ్చెను. కొత్త కూర్పునకు చెల్లించు వెల డబ్బాపైన అచ్చువేసినది మాత్రమే కాదని ఆ కేంద్రములవారికి ఎవరును ఉపన్యసింప నక్కఱలేదు.

దుకాణపు లెక్కలకు మన వర్తకులు వాడు టాలీ బెంగళూరుది. అక్కడి పద్ధతి వేఱు. లైసెన్సు ఒక్కమాఱు కొనినచో శాశ్వతము. కొత్త కూర్పులు కావలెనన్నచో లైసెన్సు వెలలో ఇంచుమించు అయిదవ వంతు సంవత్సర రుసుము కట్టుచుండవలెను. కట్టనివానికి పాత కూర్పు పనిచేయుచునే యుండును. చూడగా ఇది సరసమైన ఏర్పాటే. కాని లెక్కల సాధనమును పాతబఱచునది దానిని చేసినవాడు కాడు, ప్రభుత్వము. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చెను, దానికి తగిన కూర్పు రుసుము చెల్లుబాటులో నున్నవారికే లభించును. ఏండ్లుగా ఆ రుసుము మాట మఱచియున్న చిన్న వర్తకుడు ఒక్క వేసవిలో పన్ను శాస్త్రమును, సాఫ్ట్‌వేరు శాస్త్రమును కలిపి చదువవలసివచ్చెను.

ఇండ్లలోని కంప్యూటరులకు వచ్చినచో, మైక్రోసాఫ్టు వారి విండోస్ 10 కథ అందఱికిని తగిలినది. 2015 జూలై 29న అది విడుదలైనపుడు పాత విండోస్ 7, 8.1 గలవారికి ఒక యేడాదిపాటు ఉచితమని ప్రకటించిరి. ఉచితమన్నపుడు తప్పేమున్నదందురా? చెప్పవలసినంత కంటె ఎక్కువగా చెప్పుట కూడ ఒక తప్పే అని అప్పుడు తెలిసెను. తెరమీద మాటిమాటికి ప్రకటన వచ్చుచుండెను. 2016లో ఒక దశలో, దానిని వలదని మూలనున్న గుణకారపు గుర్తును నొక్కి మూసినను సమ్మతించినట్లే లెక్కించిరి. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకొను ఒక మహిళ తన యంత్రము ఈ మార్పువలన పనికిరాకుండ పోయినదని దావా వేసి 10,000 డాలర్లు పొందెను. పదేండ్లు తిరుగగా అదే విండోస్ 10 నకు 2025 అక్టోబరు 14తో ఉచిత సవరణలు ఆగిపోయినవి. విండోస్ 11 నకు టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా భాగము కావలెను. అది లేని యంత్రములు బాగుగా నడుచుచున్నను ముందునకు పోలేవు. 30 డాలర్లు చెల్లించినను, లేదా తమ ఖాతాతో యంత్రపు అమరికలను జతపఱచినను మఱొక సంవత్సరము భద్రతా సవరణలు అందునని కంపెనీ ఏర్పాటు చేసెను. డబ్బులేక కూడ ఆ సంవత్సరము దొరకునని తెలియక కొత్త కంప్యూటరు కొన్న కుటుంబము ఎక్కడనైన ఉన్నచో, వారు చెల్లించినది సాఫ్ట్‌వేరు వెల కాదు, సమాచారలోపపు వెల.

మేము ప్రసంగములను, నాటికలను కత్తిరించి అతుకుటకు వాడు ధ్వనిసంకలన సాధనములలో ఒకదాని సంగతి ఇక్కడ చెప్పదగును. దానిని చేసిన కంపెనీ పేరు అనవసరము. రిజిస్టరు చేసికొన్న మా చిరునామాకు ఆ కంపెనీ వారమువారము ఉత్తరములు పంపుచుండెను: మైక్రోఫోనులు కొనుడు, తోలు సంచులు కొనుడు, పండుగ తగ్గింపు, పోటీలు. పాత కూర్పువారికి ఇచ్చు అప్‌గ్రేడు వెల ఫలానా తేదీతో ముగియునను సంగతి మాత్రము ఆ ఉత్తరములలో ఒక్కదానిలోను రాలేదు. వారి వెబ్‌సైటులో ప్రశ్నోత్తరముల అడుగున ఒక పంక్తిగా ఉండెను. గడువు తీరిన పదునొకండు దినములకు ఆ పంక్తి మా కంటబడెను. వ్రాసి అడుగగా, సమాచారము బహిరంగముగానే ఉన్నదిగదా అని మర్యాదగా బదులిచ్చిరి. తోలు సంచుల ప్రకటన మరునాడు యథాప్రకారము వచ్చెను.

బహిరంగముగా ఉంచుటకును తెలియజేయుటకును గల భేదమును చట్టములు ఇప్పుడిప్పుడు గుర్తించుచున్నవి. ఐరోపా సమాఖ్య 2019లో చేసి 2022 జనవరి 1 నుండి అమలుపెట్టిన శాసనము ప్రకారము, డిజిటల్ సరకులో వాడువానికి నష్టము కలిగించు మార్పు చేయునపుడు, దాచుకొనదగిన రూపములో ముందుగా అతనికే తెలుపవలెను; ఇష్టము లేనివాడు ముప్పది దినములలో ఖర్చు లేకుండ ఒప్పందము నుండి తప్పుకొనవచ్చును. అమెరికాలో 2024 జూనులో ప్రభుత్వము అడోబీమీదనే దావా వేసెను. ఏడాది చందాను నడుమ మానుకొనువానికి పడు రుసుమును మొదట స్పష్టముగా చూపలేదనునది ఆ దావాలోని ఆరోపణలలో ఒకటి.

మన దేశములో రిజర్వు బ్యాంకు చేసిన ఏర్పాటు చాలమందికి ఉపకరించుచున్నను దాని విలువ గుర్తించినవారు తక్కువ. 2021 అక్టోబరు 1 నుండి, కార్డునుండి నెలనెల తమంత తాము తీసికొను చందాలకు, డబ్బు తీయుటకు కనీసము ఇరువదినాలుగు గంటల ముందు ఖాతాదారునికి సందేశము రావలెను; ఆ చెల్లింపును వలదను వీలు అతనికి ఉండవలెను. చందా వెల పెరిగినదో లేదో అనేకులకు తెలియునది ఈ సందేశమును చూచినపుడే. బ్యాంకు సందేశములను చదువక తుడిచివేయు అలవాటు ఉన్నవారు ఈ ఒక్కటి మాత్రము చదువవలెను. ఇరువదినాలుగు గంటలు తక్కువేగాని, తోలు సంచుల ఉత్తరముల కంటె మేలు. ఇంక 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పదుమూడు రకముల మోసపు తీరులను పేర్కొనుచు మార్గదర్శకములు వెలువరించెను. చందాలో చేర్చుకొని బయటపడనీయకుండుట వానిలో నొకటి; ఉచితపు గడువు తీరి డబ్బు కట్టు చందాగా మాఱిన సంగతి చెప్పకుండ వసూలు చేయుట మఱొక రకము క్రింద వచ్చును.

ఇంటిలో చేయదగిన పని పెద్దది కాదు. సాఫ్ట్‌వేరు కొన్ననాటి రసీదు, వరుస సంఖ్య, ఏ ఈమెయిలు చిరునామాతో రిజిస్టరు చేసితిమి అనునది ఒక చోట కాగితము మీద వ్రాసి ఉంచుకొనవలెను. కొడుకు కళాశాల చిరునామాతోనో, మానివేసిన ఉద్యోగపు చిరునామాతోనో రిజిస్టరు చేసినచో ఎంత మంచి కంపెనీ ఐనను తెలుపజాలదు. కొత్త కూర్పు రాబోవుచున్నదని విన్నపుడు పాతదానిని కొనుటకు ముందు, ఇప్పుడు కొన్నవారికి కొత్తది ఉచితముగా ఇత్తురా అని వ్రాసి అడుగవలెను. చాల కంపెనీలు కొద్ది వారముల వఱకు అట్లు ఇచ్చును, అడుగనివారికి చెప్పవు. వచ్చిన జవాబును భద్రపఱచుకొనవలెను. వివాదము వచ్చి కంపెనీ పలుకనిచో, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. వారు మొదట అడుగునది ఆ రసీదునే.